తమ్ముడు అని రాసి ఉన్న డిస్కు

నాన్న సంవత్సరీకానికి విజయనగరం వెళ్లాను. కార్యక్రమం అయ్యి, వచ్చినవాళ్లు భోజనాలు చేసి వెళ్లిపోయాక అమ్మ "ఎలాగూ ఉన్నావు కదా, ఆ అటక మీద మీ నాన్న సామాన్లు ఏటేటున్నాయో ఓసారి చూడు తల్లీ, వచ్చే వారం రంగులేసేవాళ్లొస్తారు" అంది. స్టూలేసుకుని ఎక్కాను. పంచాంగాల కట్ట, తుప్పు పట్టిన ట్రంకు పెట్టె, వాటి వెనక పాత దుప్పటి చుట్టిన కంప్యూటర్ కేబినెట్. కిందికి దించి పక్క రేకు ఊడదీశాను. గుప్పున వాసన. వేడెక్కి చల్లారిన దుమ్ము, ఇనుము, కొంచెం కాలిన ప్లాస్టిక్, వాటన్నిటి మీదా అమ్మ వేసిన కలరా ఉండలు. అలాగే నేల మీద కూర్చుండిపోయాను. ఆ రేకు ఊడదీసిన ప్రతిసారీ నా పక్కన నాన్న ఉండేవారు, టార్చిలైటు పట్టుకుని.

లోపల రెండు హార్డ్ డిస్కులు. ఒకదాని మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి నాన్న గుండ్రటి అక్షరాలు: అన్న. రెండోదాని మీద: తమ్ముడు.

నాన్న మునిసిపల్ స్కూల్లో తెలుగు చెప్పేవారు. సంగీతం నేర్చుకోలేదు, పాడేవారు కాదు. వినడమే. మా ఊళ్లో అదేమీ వింత కాదు. 1919లో పెట్టిన సంగీత కళాశాల, దానికి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, ఆ తర్వాతి కాలంలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు, ఘంటసాల చదువుకున్నదీ సుశీల చదువుకున్నదీ అక్కడే, ఈ మాటలు మా ఇంట్లో అన్నాల దగ్గర రోజూ దొర్లేవి. ఊళ్లో కచేరీ అన్నా హరికథ అన్నా నాన్న సైకిల్ వెనక టేప్‌రికార్డర్ కట్టుకుని వెళ్లేవారు. ముందు వరసలో కూర్చుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని రికార్డు చేసేవారు. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం నుంచి వచ్చేవి ఇంట్లోనే పట్టేవారు. అరవై నిమిషాల క్యాసెట్లు, తొంభై నిమిషాల క్యాసెట్లు, ట్రంకు పెట్టె నిండా. ఒక్కోదాని అట్ట మీద ఎవరు పాడారు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఏ రాగం, అన్నీ ఉండేవి.

కొన్నేళ్లకి టేపులు సాగడం మొదలైంది. తోడి పాడుతున్న గొంతు ఉన్నట్టుండి కిందికి జారి మళ్లీ పైకి వచ్చేది. నాన్న ముఖం చూడలేకపోయేదాన్ని. పెన్సిల్ పెట్టి టేపు బిగించేవారు, హెడ్డుని స్పిరిట్ అద్దిన దూదితో తుడిచేవారు, క్యాసెట్ స్క్రూలు విప్పి టేపుని వేరే డబ్బాలోకి మార్చేవారు. అయినా పోయేవి పోతూనే ఉన్నాయి. స్టాఫ్‌రూంలో ఎవరో చెప్పారట, సీడీలోకి ఎక్కించేస్తే ఇంక అరుగుదల ఉండదని. ఆ రాత్రి నాన్న నిద్రపోలేదు.

అప్పటికి నా డిగ్రీ చదువు కోసం కొన్న కంప్యూటర్ ఇంట్లో ఉంది. 4.3 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 98, చదవడం మాత్రమే వచ్చిన సీడీ డ్రైవు. సీడీ రాయడానికి రైటర్ కావాలి. ఒక ఆదివారం కాని రోజు చూసుకుని, నాన్న సెలవు పెట్టి, ఇద్దరం పొద్దున్నే పాసింజర్ ఎక్కాం. కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస, ప్రతి స్టేషన్‌లోనూ ఆగుకుంటూ వైజాగ్. డాబాగార్డెన్స్‌లో షాపులన్నీ తిరిగి చివరికి ఒక రైటర్ తీసుకున్నాం, నాలుగు ఎక్స్ వేగంతో, అంటే పాట వినే వేగానికి నాలుగు రెట్లతో రాసేది. తిరుగు ప్రయాణంలో ఆ పెట్టెని నాన్న ఒళ్లోంచి దించలేదు. సీటు ఖాళీ అయినా పక్కన పెట్టలేదు.

బిగించడం మాకు రాదు. గంటస్తంభం దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి దగ్గరికి వెళ్తే, అతనికి ఊపిరాడని పని. కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. "కేబుల్‌కి ఎర్రగీత ఉన్న వైపు ఒకటో నెంబరు పిన్ను. తిరగేసి పెట్టొద్దు. పవర్ వైరు ఒక వైపే పడుతుంది, నొక్కి పెట్టాల. జంపర్ చూసుకోవాల. ఏటి మాస్టారూ, ఈ గుంట చేత చేయిస్తారా?" అన్నాడు. నాన్న తన చేతులు చూపించి "నా వేళ్లు ఆ జంపర్‌ని పట్టుకోలేవు బాబూ. దాని వేళ్లు సన్నవి" అన్నారు.

జంపర్ అంటే బియ్యపు గింజకి కాస్త పెద్దది. పైన ప్లాస్టిక్ తొడుగు, లోపల చిన్న లోహపు రేకు. పక్కపక్కన ఉన్న రెండు పిన్నుల్ని కలపడమే దాని పని. అప్పటి మదర్‌బోర్డుల మీద హార్డ్ డిస్కుల్నీ సీడీ డ్రైవుల్నీ తగిలించే ఐడీఈ సాకెట్లు రెండు ఉండేవి, ప్రైమరీ అని ఒకటి, సెకండరీ అని ఇంకొకటి. ఒక్కో దానికి నలభై పిన్నుల వెడల్పాటి రిబ్బన్ కేబుల్, ఒక్కో కేబుల్‌కి రెండు పరికరాలు. మొత్తం నాలుగు. ఒకే కేబుల్ మీద ఉన్న రెండింటిలో ఎవరు మాస్టరో, ఎవరు స్లేవో మనమే జంపర్ పెట్టి చెప్పాలి. సీడీ డ్రైవుల వెనక ఎంఏ (మాస్టర్), ఎస్ఎల్ (స్లేవ్), సీఎస్ (కేబులే తేల్చేది) అని మూడు జతల పిన్నులుండేవి. హార్డ్ డిస్కుకైతే పై స్టిక్కర్ మీద చిన్న పటం.

నేను చదివి చెప్తుంటే నాన్న టార్చిలైటు దించేశారు. "ఒకణ్ని యజమాని అని, రెండోవాణ్ని బానిస అనడం ఏం మాట? ఒకే కేబుల్ పంచుకుని బతుకుతున్నారు. అన్నదమ్ములనుకుందాం" అన్నారు. మందుల డబ్బాలోంచి ప్లాస్టర్ తెచ్చి ముక్కలు చేసి స్కెచ్ పెన్నుతో రాశారు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో అన్న, తమ్ముడు, అంతే. తర్వాత ఉద్యోగంలో చేరాక ఐడీఈ ప్రమాణాల పత్రం ఒకటి చదివాను. అందులో డివైస్ 0, డివైస్ 1 అనే ఉంది. రెండోదాని మీద మొదటిదానికి పెత్తనం ఏమీ ఉండదు, దేని కంట్రోలర్ దానిదే. ఫోన్ చేసి చెప్తే నాన్న చాలా సంతోషపడ్డారు.

మొదటి రోజే ఒక పొరపాటు జరిగింది. పాత సీడీ డ్రైవు, కొత్త రైటర్, రెండూ పెట్టెలోంచి వచ్చినప్పుడు మాస్టర్ గానే ఉన్నాయి. అది చూసుకోకుండా రెండింటినీ ఒకే కేబుల్‌కి తగిలించాం. స్విచ్ వేస్తే నల్ల తెర మీద అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. ఎంతసేపు చూసినా రెండింటిలో ఏదీ కనబడదు. "ఇద్దరూ అన్నలే అయితే ఇల్లు నడవదు" అని నాన్న తేల్చారు. మళ్లీ విప్పి, గోటితో జంపర్ లాగి, పక్క పిన్నులకి పెట్టాను.

అప్పుడైనా సరిగ్గా పెట్టామా అంటే, లేదు. కేబుల్ పొడవు చాలక రైటర్‌ని హార్డ్ డిస్కు ఉన్న కేబుల్ మీదే తమ్ముడిగా పెట్టాం. దానివల్ల ఏం జరుగుతుందో మాకు తెలియదు.

క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించడమే పెద్ద తతంగం. టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి సౌండ్ కార్డు లైన్ ఇన్‌కి ఒక వైరు. తొంభై నిమిషాల క్యాసెట్ అయితే తొంభై నిమిషాలూ కూర్చోవాల్సిందే, తొందరపెట్టే దారి లేదు. ఆ సేపు మిక్సీ వేయకూడదు, వేస్తే పాటలో టక్కుమని పడుతుంది. అమ్మ రుబ్బురోలు బయటికి తీసింది పాపం, చాలా రోజులు. సీడీకి కావలసిన నాణ్యతలో శబ్దం నిమిషానికి పది మెగాబైట్ల పైనే తింటుంది. గంటసేపటి క్యాసెట్ ఒక్కటే ఆరు వందల ముప్పై మెగాబైట్ల దాకా అయ్యేది. విండోస్ పోగా మిగిలిన చోటులో నాలుగైదు క్యాసెట్లు పట్టేసరికి డిస్కు నిండిపోయేది.

ఒళ్లో టేప్‌రికార్డర్ పెట్టుకుని పట్టినవి కదా, మంచి సంగతి పడినప్పుడల్లా నాన్న "ఆహా" అన్నది కూడా పాట కన్నా గట్టిగా వినబడేది. ఆయనకి అది నచ్చేది కాదు. "నా గొంతు తీసేయవే, కచేరీ పాడైపోతోంది" అనేవారు. నేను తెర మీద ఆ శబ్దం గీతల్ని పెద్దవి చేసుకుని, ఆహా ఉన్న చోట జాగ్రత్తగా తగ్గించి, వేరే ఫైలుగా దాచేదాన్ని.

మొదటి సీడీ రాయడానికి ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. సీడీలు రాసే నీరో ప్రోగ్రాం తెరిచి, పాటలు వరసగా పేర్చి, బర్న్ నొక్కాను. ఆరెంజ్ లైటు వెలిగింది. సగానికొచ్చాక ఎర్ర అక్షరాలు: బఫర్ అండర్‌రన్. సీడీ పాడైపోయింది. రెండోది, అంతే. మూడోది తొంభై శాతం దాకా వచ్చి పోయింది. నాలుగోది పోయాక నాన్న ఏమీ అనలేదు, లేచి వీధి అరుగు మీద కూర్చున్నారు. ఖాళీ సీడీలు ఇప్పట్లా చవక కాదు. నేను ఆ రాత్రి ఏడ్చాను.

కారణం తర్వాత అర్థమైంది. లేజర్ రాయడం మొదలెట్టాక మధ్యలో ఆగలేదు. డ్రైవులో రెండు మెగాబైట్ల బఫర్, అంటే రాయబోయే సరుకు కాసేపు ఆగే చోటు, ఉంటుంది, నాలుగు ఎక్స్ వేగంలో అది మూడు సెకన్లకి సరిపడా పాట. హార్డ్ డిస్కు నుంచి ఆ మూడు సెకన్లలో కొత్త సరుకు రాకపోతే లేజర్‌కి రాయడానికి ఏమీ ఉండదు, ఆ సీడీ ఇంక పనికిరాదు. ఐడీఈ కేబుల్ మీద ఒక సమయంలో ఒక పరికరమే మాట్లాడగలదు. మేం పాట ఇచ్చేదాన్నీ, రాసుకునేదాన్నీ ఒకే కేబుల్‌కి కట్టాం. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు కాచుకోవాలి. దీనికి తోడు విండోస్‌లో డీఎంఏకి (ప్రాసెసర్ మోయకుండా సరుకు నేరుగా వెళ్లే పద్ధతి) టిక్కు పెట్టలేదు, ప్రతి బైటునీ ప్రాసెసరే మోసుకెళ్తోంది. తర్వాత్తర్వాత వచ్చిన రైటర్లు బఫర్ ఖాళీ అయితే ఆగి, ఆగినచోటు నుంచే మళ్లీ రాయడం నేర్చుకున్నాయి. మాది అలాంటిది కాదు.

గంటస్తంభం దగ్గర పొడుగు కేబుల్ ఒకటి కొనుక్కొచ్చి, రైటర్‌ని సెకండరీలో అన్నగా, పాత సీడీ డ్రైవుని దానికి తమ్ముడిగా, హార్డ్ డిస్కుని ప్రైమరీలో ఒంటరిగా పెట్టాను. డివైస్ మేనేజర్‌లో డీఎంఏ టిక్కు పెట్టి రీస్టార్ట్ చేశాను. స్క్రీన్‌సేవర్ తీసేశాను. మౌస్ మీద చెయ్యి పెట్టలేదు. పద్దెనిమిది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు, ఫ్యాన్ కూడా ఆపేశారు నాన్న, ఎందుకో మరి. ట్రే దానంతటదే బయటికి వచ్చింది. పక్కింటివాళ్ల సీడీ ప్లేయర్‌లో వేసి విన్నాం. మోహన రాగం. నాన్న ఆ ఇంటివాళ్ల గడప మీదే కూర్చుని సీడీ అయిపోయేదాకా లేవలేదు.

ఇంకొక చిక్కు నాన్న చెవికే తెలిసింది. ఆలాపన ఒక ట్రాకు, కృతి ఒక ట్రాకుగా చేశాను, కావలసినచోటికి దూకడానికి వీలుగా ఉంటుందని. ఆ రెండింటి మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం పడుతోంది. "ఊపిరి తెగినట్టుంది" అన్నారు. ఒక్కో ట్రాకూ విడివిడిగా రాసే పద్ధతిలో ఆ ఖాళీ తప్పదు. డిస్క్ ఎట్ వన్స్, అంటే డిస్కంతా ఒకే ఊపున రాసే పద్ధతి, పెట్టి, మధ్య విరామం సున్నా చేసి రాస్తే అతుకు తెలియలేదు.

రెండో డిస్కు సంగతి చెప్పాలి. నాన్నకి పీఆర్సీ బకాయిలు వచ్చినప్పుడు ఇరవై జీబీది కొన్నారు. ఇరవై జీబీ అంటే ముప్పై గంటల పాట. తమ్ముడని రాసి ప్రైమరీలో రెండో స్థానంలో పెట్టాం. ఆ డిస్కుకి తమ్ముడంటే జంపర్ అసలు లేకపోవడమే, కాబట్టి ఉన్నదాన్ని పీకేశాను. పీకిన జంపర్లన్నీ నాన్న కెమెరా రీలు డబ్బాలో వేసి దాచేవారు.

బయాస్‌లోకి, అంటే స్విచ్ వేయగానే బోర్డు మీద నడిచే మొదటి ప్రోగ్రాంలోకి, వెళ్లి చూస్తే 8455 మెగాబైట్లు అని ఉంది. ఇరవై కొంటే ఎనిమిదిన్నర కూడా లేదు. నాన్న చాలా టెన్షన్ పడ్డారు, మోసపోయామనుకున్నారు. షాపువాళ్ల తప్పేమీ కాదు. మా పాత బోర్డు డిస్కుని 1024 సిలిండర్లు, 256 హెడ్లు, 63 సెక్టార్లుగా మాత్రమే లెక్కపెట్టగలదు, అవన్నీ గుణించి 512తో హెచ్చిస్తే సరిగ్గా అక్కడికే వస్తుంది. లెక్క కాగితం మీద వేసి చూపిస్తే నాన్న శాంతించారు. ఆయనకి కారణం తెలిస్తే చాలు. కొత్త బయాస్ ఎక్కించాలి. ఇంటర్నెట్ సెంటర్‌లో ఆ ఫైలు దించి, ఫ్లాపీలని నమ్మలేం కాబట్టి రెండింట్లో వేసుకొచ్చాను. ఎక్కించే ఆ రెండు నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు చచ్చిపోతుంది. అప్పట్లో మా వీధికి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో అమ్మవారికే తెలియాలి. అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టాం. నాన్న యూపీఎస్ మీద చెయ్యి వేసి, పైడితల్లమ్మకి దణ్ణం పెట్టుకుంటూ నిలబడ్డారు. తెర మీద గళ్లు ఒక్కొక్కటీ నిండుతుంటే నాకు కడుపులో తిప్పింది. అయ్యింది. ఇరవై వేలు చూపించింది.

పొద్దున్న ఇంకో గొడవ. డిస్కుని భాగాలు చేసే ఎఫ్‌డిస్క్‌లో కొత్త డిస్కుకి ప్రైమరీ పార్టిషన్ (ప్రధాన భాగం) పెట్టేశాను. నాన్న లేచి డి డ్రైవు తెరిస్తే ఖాళీ. "నా పాటలు పోయాయే" అని ఆయన అన్న తీరు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. పాటలెక్కడికీ పోలేదు. విండోస్ 98 ముందు అన్ని డిస్కుల ప్రైమరీ పార్టిషన్లకీ అక్షరాలు ఇచ్చి, ఆ తర్వాతే మిగతావాటికి ఇస్తుంది. కొత్త డిస్కు డి అయ్యింది, అన్నలో పాటలున్న రెండో భాగం, పాత డి కాస్తా ఈ అయ్యింది. కొత్తదాన్ని చెరిపి ఎక్స్‌టెండెడ్‌గా మాత్రమే చేస్తే ఎవరి అక్షరం వాళ్లకి వచ్చింది. పెద్దవాడి చోటు పెద్దవాడికే ఉంది.

అలా ఎన్ని రాత్రులో. శనివారం భోజనాలయ్యాక క్యాసెట్ పెట్టడం, హార్డ్ డిస్కు గిరగిర, మధ్యమధ్య కటకటమని హెడ్డు కదిలే చప్పుడు, వీధిలో గూర్ఖా కర్ర చప్పుడు, తెల్లారేసరికి ఒకటో రెండో సీడీలు. ప్రతి సీడీ మీదా నాన్న బాల్ పెన్నుతో పేర్లు రాసి, కొన్నిటికి జిగురు కాగితం అంటించి, వరస నెంబర్లు వేసేవారు. రాసేశాక ఫైళ్లు చెరిపేయాలి, లేకపోతే చోటుండదు. చెరపడానికి మనసొప్పనివి కొన్ని తమ్ముడిలోనే ఉండిపోయాయి.

నాకు పెళ్లయింది, హైదరాబాద్ వచ్చేశాను. ఐడీఈ పోయి సాటా అనే కొత్త పద్ధతి వచ్చింది. సన్నటి కేబుల్, ఒక కేబుల్‌కి ఒకటే డిస్కు, జంపర్లతో పని లేదు. కొత్త కంప్యూటర్ కొని నాన్నకిస్తే "మరి దీనికి తమ్ముడు లేడా" అని అడిగారు.

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంటి వెనక గది పెంకులు లేచిపోయాయి. ట్రంకు పెట్టెలోకి నీళ్లు వెళ్లాయి. వారం పైగా కరెంటు లేదు, అటక చూసే ఓపిక ఎవరికీ లేదు. చూసేసరికి క్యాసెట్లన్నీ బూజు. సీడీలున్నాయి కదా అన్నారు నాన్న. ఆ సీడీలు కూడా ఒక్కొక్కటీ మొరాయించాయి. సీడీలో పాట ఉండేది కింది వైపు ప్లాస్టిక్‌లో కాదు, పేరు రాసే పై పొరకి సరిగ్గా కిందనే. బాల్ పెన్ను గీతలూ జిగురు కాగితాలూ ఆ పొరనే లేపేశాయి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే చిల్లులు కనిపించేవి. ఆ మాట నాన్నకి నేను చెప్పలేదు. ఎంత జాగ్రత్తగా రాశారో నాకు తెలుసు.

ఇప్పుడు ఈ తమ్ముణ్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాను. సెలవు పొడిగించుకున్నాను. పాత డిస్కుల్ని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ తెప్పిస్తే మూడు రోజులకి వచ్చింది. తగిలిస్తే డిస్కు తిరుగుతోంది కానీ లాప్‌టాప్‌కి కనబడటం లేదు. అడాప్టర్‌తో వచ్చిన కాగితంలో ఉంది, డిస్కు మాస్టర్‌గా ఉండాలని. దీనికి జంపర్ లేదు కదా.

"అమ్మా, నాన్న కెమెరా రీలు డబ్బా ఒకటుండేది..." అన్నాను. అమ్మ ఏమీ అడగలేదు. ఆయన బల్ల సొరుగు లాగి, కళ్లజోడు పక్కనున్న నల్ల డబ్బా తెచ్చి ఇచ్చింది. లోపల ఏడు జంపర్లు. నా వేళ్లు అప్పటంత సన్నగా లేవు, దగ్గరి చూపు కూడా తగ్గింది. అమ్మ సెల్‌ఫోన్ లైటు వేసి పట్టుకుంది. మూడోసారికి పిన్నుల మీద కూర్చుంది.

డిస్కు జుయ్‌మని లేచింది, కటకటమంది, ఫోల్డర్లు వచ్చాయి. కొన్ని తెరుచుకోలేదు. తెరుచుకున్నవాటిలో ఒకటి నొక్కాను. కోట దగ్గర ఎప్పటిదో కచేరీ, నేను గొంతు తగ్గించి వేరే ఫైలు చేయకముందుది. ఎవరో దగ్గారు, కుర్చీ జరిగింది, వయొలిన్ శ్రుతి సరిచేసుకుంది. ఆలాపన మెల్లగా పైకి వెళ్లి షడ్జం దగ్గర నిలబడగానే, మైకుకి బాగా దగ్గరగా, నాన్న "ఆహా" అన్నారు.

అమ్మ లైటు ఆర్పలేదు. "కొంచెం సౌండ్ పెంచవే" అంది.